అద్దె ఇంట్లో కరెంటు ఎవరు తీయగలరు?

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా అద్దెకున్నవారికీ ఇంటి యజమానికీ మధ్య వచ్చిన తగాదా కోర్టు మెట్లెక్కడం చాలా అరుదు. ఎక్కువ తగాదాలు మెట్ల కింద ఉన్న మీటరు బోర్డు దగ్గరే తేలిపోతాయి. యజమాని కిందికి దిగి పై పోర్షను ఫ్యూజు పీకి తనతో తీసుకుపోతాడు, లేదా డాబా మీది ట్యాంకు నుంచి ఆ పోర్షనుకు వచ్చే గొట్టం వాల్వు కట్టేస్తాడు. ఆ కుటుంబం కొన్నాళ్లు వీధి కుళాయి నుంచి బిందెలతో నీళ్లు మోసుకుని, ఫ్యాను లేని గదిలో పిల్లలకు విసనకర్రతో విసురుకుంటూ గడిపి, చివరికి సామాను ఆటోలో వేసుకుని మరో వీధికి వెళ్లిపోతుంది. అడ్వాన్సులో సగమైనా తిరిగి వస్తే అదే పదివేలనుకుంటారు. ఎవరూ ఎక్కడా ఫిర్యాదు చేయరు. చేయవచ్చన్న సంగతే చాలామందికి తెలియదు. తెలిసినవారిలోనూ చాలామంది, ఇల్లు వాళ్లది, సర్వీసు వాళ్ల పేరు మీద ఉంది, మనమేం మాట్లాడగలం అనుకుని ఊరుకుంటారు. నేను ఇది రాయడానికి కారణం ఆ ఊరుకోవడమే.

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. తన ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకునే హక్కు యజమానికి ఉంది, దాన్ని ఎవరూ కాదనలేరు. ఒప్పందం గడువు తీరినా, అద్దె నెలల తరబడి బాకీ పడినా, ఇల్లు సొంత అవసరానికి కావలసివచ్చినా ఖాళీ చేయమని అడగవచ్చు, నోటీసు ఇవ్వవచ్చు, అద్దెదారు వినకపోతే చట్టం చూపిన అధికారి దగ్గరికి వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. కానీ ఆ ఉత్తర్వు చేతికి రాకముందే, ఆ ఉత్తర్వు చేయవలసిన పనిని తన చేతులతో చేయడానికి, అంటే బతకడానికి వీల్లేని పరిస్థితి కల్పించి మనుషులంతట వాళ్లే లేచిపోయేలా చేయడానికి, అతడికి ఏ హక్కూ లేదు. అద్దె బాకీ ఉన్నా లేదు. మన ఊళ్లలో ఎవరికీ మింగుడుపడనిది ఈ చివరి మాటే. 'మూడు నెలల అద్దె ఎగ్గొట్టినవాడికి కరెంటు ఎందుకివ్వాలి' అని పెద్దమనుషులే అడుగుతారు. బాకీ పడ్డామని కిరాణా కొట్టాయన మన వంటింట్లోకి వచ్చి పొయ్యి ఆర్పడు కదా. బాకీ వసూలుకు దారి వేరే ఉంది, ఆ దారిలోనే వెళ్లాలి.

ఇది ఈమధ్య పుట్టిన ఆలోచన కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ) నియంత్రణ చట్టంలోనే, అద్దెదారు అనుభవిస్తున్న సౌకర్యాలను యజమాని తగిన కారణం లేకుండా నిలిపివేయరాదన్న నిబంధన ఉండేది. ఆ చట్టం స్థానంలో మన రాష్ట్రం 2017లో నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టాన్ని చేసుకుంది. తరువాత 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక మాదిరి అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. దానికి అనుగుణంగా తమ అద్దె చట్టాలను సవరించుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. మాదిరి చట్టం దానంతటదే ఎక్కడా అమలు కాదు, మనకు వర్తించేది రాష్ట్ర చట్టమే. అయినా ఈ విషయంలో చట్టం ఆలోచన ఎటు సాగుతోందో తెలుసుకోవడానికి ఆ మాదిరిని చదవడం మంచిది. యజమాని స్వయంగా గానీ మరొకరి ద్వారా గానీ అద్దెదారు ఉన్న ఇంటికి అత్యవసర సరఫరాలను, సేవలను ఆపకూడదని అందులో ఉంది. ఆపితే అద్దెదారు రెంట్ అథారిటీకి, అంటే అద్దె తగాదాలు వినే అధికారికి, దరఖాస్తు పెట్టుకోవచ్చు. విచారణ తేలే లోపలే, ముందు సరఫరా పునరుద్ధరించమని ఆ అధికారి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. విచారణను నెల రోజుల్లో ముగించాలి. ఆపినవారి నుంచి రెండు నెలల అద్దెకు మించకుండా పరిహారం ఇప్పించవచ్చు. అత్యవసర సేవలంటే కరెంటు, నీళ్లు మాత్రమే కాదు, మెట్ల మీది దీపం, లిఫ్టు, గొట్టం గ్యాసు, పారిశుధ్యం, వాహనం పెట్టుకునే చోటు, ఫోను, ఇంటర్నెట్ తీగలు, కాపలా కూడా వాటిలోకే వస్తాయి. ఆకతాయిగా, ఊరికే వేధించడానికి దరఖాస్తు పెట్టిన అద్దెదారుకు జరిమానా కూడా అక్కడే ఉంది, అది న్యాయమే.

ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ మధ్యంతర ఉత్తర్వు. నీళ్లు లేని ఇంట్లో ఉన్న మనిషికి ఆరు నెలల తరువాత వచ్చే న్యాయం న్యాయం కాదు. ముందు వాల్వు తెరవండి, ఎవరిది తప్పో తరువాత చూద్దాం అనడంలోనే ఆ నిబంధన ప్రాణం ఉంది. అందుకే దరఖాస్తు రాసేటప్పుడు చాలామంది చేసే పని, అంటే పాత గొడవలన్నీ మొదటి నుంచి ఏకరువు పెట్టడం, మానుకోవాలి. ఏ తేదీన, ఏ వేళకు, ఏ సరఫరా ఆగింది, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, వారిలో పసిపిల్లలు, వృద్ధులు, రోగులు ఎవరు, ఎప్పటి వరకు అద్దె చెల్లించారు అన్నవి మొదటి పేజీలోనే ఉండాలి. వెంటనే పునరుద్ధరించమని మధ్యంతర ఉత్తర్వు కోరుతున్నట్లు విడిగా, స్పష్టంగా అడగాలి. అడగనిదాన్ని ఏ అధికారీ తనంతట తాను ఇవ్వడు.

నాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. విజయనగరంలో ఒక పాత పేటలో మేడ మీది పోర్షనులో ఉండేవారు. భర్త ఆటో నడుపుతాడు, ఆమె బట్టల కొట్లో పనిచేస్తుంది, పెద్దపిల్ల పదో తరగతి. యజమాని కొడుకు వేరే ఊరి నుంచి వచ్చేస్తున్నాడని వెంటనే ఖాళీ చేయమన్నారు. పిల్ల పరీక్షలు అయ్యే వరకు ఆగండని వీళ్లు అడిగారు. అద్దె ఒక్క నెల కూడా బాకీ లేదు. మొదట మోటారు వేయడం మానేశారు, తరువాత ట్యాంకు వాల్వు కట్టేశారు, ఆ తరువాత ఒక సాయంత్రం ఫ్యూజు తీసేశారు. నేను వెళ్లేసరికి ఆ పిల్ల వీధి దీపం వెలుగు పడే మెట్టు మీద కూర్చుని చదువుకుంటోంది. పై అంతస్తుకు వెళ్లే తీగ దగ్గర, బోర్డులో, పింగాణీ ఫ్యూజు ఉండవలసిన చోట ఖాళీ గాడి, దాని అంచున పాత రాగి తీగ ముక్క, పక్కనే యజమాని పోర్షను మీటరు నిశ్చింతగా ఎర్రగా మినుకుమంటోంది. ఆమె ఒకటే మాట అంది. 'ఏటండీ ఇది బాబూ, నెల తిరక్కుండా అద్దిచ్చీసినాం, అయినా నీలు కట్టీస్తారా?'

ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ తిరిగినప్పుడు నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్న వాటిలో సగం. కరెంటు విభాగం లైన్‌మన్ వచ్చి చూసి, స్తంభం నుంచి మీటరు దాకా సరఫరా బాగానే ఉందని, లోపల ఎవరో తీశారని చెప్పాడు. అది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని చాలా ముఖ్యమైనది. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే దానికొక నంబరు వస్తుంది. సరఫరా లోపం శాఖది కాదని తేలినప్పుడు, ఆ నంబరూ ఆ తేదీ ఆపింది మరెవరో అనడానికి మొదటి కాగితం అవుతాయి. మేము ఆ నంబరును, ఖాళీ గాడి ఫోటోను, ఫోన్‌పేలో నెలనెలా పంపిన అద్దె చిట్టాను జతచేసి, ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక అర్జీ ఇచ్చాం. ఇరుపక్షాలనూ పిలిపించారు. యజమాని అక్కడికి రాకముందే ఫ్యూజు తిరిగి పెట్టారు. పరీక్షలయ్యాక వీళ్లు ఖాళీ చేశారు, అడ్వాన్సు పూర్తిగా తిరిగి వచ్చింది. ప్రతి తగాదా ఇంత తేలిగ్గా ముగుస్తుందని నేను చెప్పను. కాని ఒక ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఇంటికి వస్తే చాలామంది యజమానుల ధోరణి మారుతుందన్నది నేను కళ్లారా చూసిన సంగతి.

ఇప్పుడు కరెంటు విషయంలో చట్టం ఏమంటుందో కొంచెం వివరంగా చూద్దాం. బిల్లు కట్టనందుకు సరఫరా తొలగించే అధికారం 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం పంపిణీ సంస్థకు ఉంది, మన జిల్లాలకు అది తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. ఆ సంస్థ కూడా రాతపూర్వకంగా 15 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వకుండా తీయకూడదు. బిల్లు మీద వివాదం ఉంటే, అభ్యంతరం తెలుపుతూ అడిగిన మొత్తాన్ని గానీ గత ఆరు నెలల సగటును గానీ, ఏది తక్కువైతే అది కట్టినవారికి తీయకూడదు. లైసెన్సు ఉన్న సంస్థకే ఇన్ని కట్టుబాట్లు ఉన్నప్పుడు, ఏ లైసెన్సూ లేని ఇంటి యజమాని ఒక్క నిమిషంలో ఫ్యూజు పీకగలడని అనుకోవడం ఎలా సమంజసమవుతుంది? మీటరునో సర్వీసు తీగనో అనుమతి లేకుండా తప్పించడం, తిరిగి కలపడం అదే చట్టం 138వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ చట్టం అద్దెదారులకూ వర్తిస్తుందని మరువకూడదు. కోపంలో స్తంభం నుంచి కొక్కెం వేసుకున్నా, పక్కింటి మీటరు నుంచి రహస్యంగా తీగ లాక్కున్నా, అప్పటి దాకా బాధితుడిగా ఉన్నవాడు నిందితుడవుతాడు. యజమాని సరిగ్గా దానికోసమే ఎదురుచూస్తుంటాడు.

అదే చట్టం 43వ సెక్షన్‌లో, దరఖాస్తు చేసుకున్న యజమానికి 'లేదా అందులో ఉంటున్నవారికి' సరఫరా ఇవ్వడం పంపిణీ సంస్థ బాధ్యత అని ఉంది. అంటే అద్దెదారు తన పేరు మీద సర్వీసు అడగవచ్చు. కొత్త సర్వీసును మున్సిపల్ ప్రాంతాల్లో 7 రోజుల్లో, గ్రామాల్లో 15 రోజుల్లో ఇవ్వాలని విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ చెబుతోంది. యజమాని అభ్యంతరం లేదని కాగితం ఇవ్వడు కదా, మరి సర్వీసు ఎలా వస్తుందని సందేహం రావచ్చు. దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఆ సందేహం తీర్చింది. కరెంటు మనిషికి దూరం చేయరాని కనీస సౌకర్యమని, యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు సరఫరా నిరాకరించకూడదని, దరఖాస్తుదారు ఆ ఇంట్లో నిజంగా ఉంటున్నాడా లేదా అన్నదే సంస్థ చూడవలసిందని చెప్పింది. ఈ తీర్పు ప్రతిని ముద్రించి దరఖాస్తుకు జతచేయాలి. తీర్పు పేరు నోటితో చెప్పడం వేరు, కాగితం బల్ల మీద పెట్టడం వేరు.

తగాదాలన్నీ ఖాళీ చేయించడం కోసమే రావు. చాలాచోట్ల మొదలయ్యేది బిల్లు దగ్గర. ఒకే మీటరు మీద మూడు పోర్షన్లు, ఒక్కొక్కదానికి చిన్న సబ్‌మీటరు, యూనిటుకు ఇంత అని యజమాని చెప్పిన ధర. 2022లో సవరించిన మన రాష్ట్ర గృహ వినియోగ ధరలు చూడండి. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, తరువాత 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆ పైన రూ.9.75. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు పక్కన పెట్టి లెక్కవేస్తే, నెలకు 100 యూనిట్లు వాడే కుటుంబానికి విడి సర్వీసు ఉంటే పడేది రూ.304.50. అలాంటి మూడు కుటుంబాలకు విడివిడిగా మొత్తం రూ.913.50. అవే మూడు కుటుంబాలు ఒకే మీటరు మీద 300 యూనిట్లు వాడితే బిల్లు రూ.1,673.25 అవుతుంది. ఆ రూ.759.75 తేడా ఎవరూ తిన్నది కాదు, పై శ్లాబులోకి పోయినందువల్ల పడినది. అద్దెదారు దాన్ని యజమాని దోపిడీ అనుకుంటాడు, యజమాని అద్దెదారు విచ్చలవిడి వాడకం అనుకుంటాడు, మాట పెరుగుతుంది, ఫ్యూజు పోతుంది. విడి ద్వారం, విడి వైరింగు ఉన్న పోర్షన్లకు విడి సర్వీసులు తీసుకుంటే ఈ గొడవలో చాలా భాగం పుట్టదు. దానికయ్యే ఖర్చును అద్దెదారే పెట్టుకుంటానన్నా కొందరు యజమానులు ఒప్పుకోరు. అద్దెదారు పేరు మీద మీటరు వస్తే ఇల్లే అతడిదైపోతుందన్న భయం దానికి కారణం. సర్వీసు కనెక్షను వల్ల యాజమాన్య హక్కు రాదు. ఆ భయానికి ఆధారమేమీ లేదు.

ఇంకొక రకం కూడా ఉంది. అద్దెదారు నెలనెలా కరెంటు డబ్బు యజమాని చేతికిస్తాడు, యజమాని దాన్ని శాఖకు కట్టడు, శాఖ వచ్చి తీసేస్తుంది. అప్పుడు బాకీ అద్దెదారే కట్టి, రసీదు దగ్గర పెట్టుకుని, ఆ మొత్తాన్ని అద్దెలో మినహాయించుకోవచ్చు. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో, యజమాని కట్టవలసి ఉండీ కట్టనిది, కట్టకపోతే అద్దెదారు నుంచో ఆ ఆస్తి మీదో రాబట్టదగినది అయిన సొమ్ము విషయంలో వడ్డీతో సహా మినహాయించుకునే వీలు ఉంది. మినహాయించే ముందు ఒక ఉత్తరం రాయడం మాత్రం మరువకూడదు. అదే సెక్షన్‌లో, అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం అద్దెదారు ఆ ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించవచ్చని యజమాని మాట ఇచ్చినట్లే భావించాలని కూడా ఉంది. ఒప్పందంలో ఒక్క ముక్క రాయకపోయినా ఆ మాట ఉన్నట్లే లెక్క.

నీళ్ల సంగతి మరింత కష్టం, ఎందుకంటే కరెంటుకు మీటరు, సర్వీసు నంబరు ఉన్నట్లు నీళ్లకు అద్దెదారు చేతిలో ఏ ఆనవాలూ ఉండదు. కార్పొరేషను కుళాయి యజమాని పేరు మీద ఉంటుంది, బోరు మోటారు స్విచ్చి వాళ్ల వరండాలో ఉంటుంది, ట్యాంకు దగ్గరికి వెళ్లే మెట్లకు వాళ్ల తాళం ఉంటుంది. వేసవిలో చంపావతి, నాగావళి ఎండిపోయి కుళాయి నీళ్లే రోజు విడిచి రోజు వచ్చే కాలంలో, కావాలని కట్టేశారా, నిజంగానే రాలేదా అన్నది తేల్చడం కూడా కష్టమే. అందుకే ట్యాంకులో నీళ్లు ఉన్నట్లు, కింది పోర్షను కుళాయిలో వస్తున్నట్లు, మన కుళాయిలో రానట్లు ఒకే రోజు, ఒకే వేళ తీసిన ఫోటోలు, వీలైతే వీడియో, ఉంచుకోవాలి. మనుషుల తాగునీటికి, వాడుక నీటికి తగ్గుదల కలిగేలా చేసే దుశ్చర్యకు భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్‌లో ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. ఇది చాలా స్టేషన్లలో గుర్తుకురాని సెక్షన్. 'ఇది సివిల్ తగాదా, కోర్టుకు పోండి' అన్న మాట వినని అద్దెదారు ఉండడు. అద్దె ఎంత, గడువు ఎప్పుడు అన్నవి సివిల్ విషయాలే, కాదనను. నీళ్లు ఆపడం, బెదిరించడం, తాళం వేసి లోపలికి రానివ్వకపోవడం మాత్రం వాటితో కలిపి తోసేయదగినవి కావు. ఫిర్యాదు రాతలో ఇచ్చి, తీసుకున్నట్లు రసీదు అడగాలి. సామాను బయట పడేస్తున్నా, చేయి చేసుకుంటున్నా 112కు ఫోను చేయాలి.

తాళం వేసి బయటికి నెట్టేసినవారికి గడువు ఒకటి ఉంది, దాన్ని దాటనివ్వకూడదు. 1963 నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ కింద, చట్టబద్ధంగా కాకుండా ఇంటి నుంచి తొలగించబడినవారు ఆరు నెలల్లోపు దావా వేస్తే, యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నలోకి పోకుండానే స్వాధీనం తిరిగి ఇప్పించవచ్చు. స్థిరంగా స్వాధీనంలో ఉన్నవారికి అక్కడ ఉండే హక్కు లేదనుకున్నా, యజమాని చట్టాన్ని ఆశ్రయించే ఖాళీ చేయించాలి తప్ప సొంతంగా కాదని కృష్ణారాం మహాలే కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు ఫీజు గురించి భయపడేవారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి, లేదా 15100కు ఫోను చేయాలి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఆ లెక్కన అర్జీ ఇంటి ఇల్లాలి పేరు మీద పెడితే అర్హత గురించి ప్రశ్నే రాదు.

వీటన్నిటికీ ముందు ఉండవలసినవి కాగితాలు. మన ఊళ్లలో పదకొండు నెలల ఒప్పందం రాసుకోవడమే గొప్ప, ఏడాది మించితేనే రిజిస్టరు చేయించాలన్న లెక్కతో పదకొండు దగ్గర ఆపుతారు. చాలామంది ఆ మాత్రం కూడా రాసుకోరు. నోటి మాట మీద ఐదు వేలో ఎనిమిది వేలో అడ్వాన్సు ఇచ్చి చేరిపోతారు. అలా చేరినవారికి నేను ఇచ్చే సలహా ఒక్కటే. అద్దెను చేతికి ఇవ్వకండి, బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో పంపండి, పంపేటప్పుడు ఏ నెల అద్దెయో వివరం రాసే చిన్న గడిలో రాయండి. గ్యాసు బండ బిల్లు, పిల్లల బడి రికార్డు, ఆధార్ చిరునామా ఆ ఇంటివే ఉండేలా చూసుకోండి. తగాదా మొదలయ్యాక అద్దె ఆపేయడం అందరూ చేసే పని, అది వాళ్ల చేతికి మనమే కర్ర ఇవ్వడం. యజమాని అద్దె తీసుకోవడానికి నిరాకరిస్తే, పంపిన ఆధారం ఉంచుకుని, చట్టం చెప్పినట్లు అధికారి దగ్గర జమచేసే మార్గం అడగండి.

యజమానుల పక్షాన కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన పట్టణాల్లో అద్దెకిచ్చేవారిలో ఎక్కువమంది పెద్ద ధనవంతులు కారు. పింఛను డబ్బుతో మేడ వేసి, ఆ అద్దె మీదే మందులు కొనుక్కునే రిటైర్డు ఉద్యోగులు, భర్త పోయిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఆరు నెలలు అద్దె ఇవ్వక, ఖాళీ చేయక, ఎదురు తిరిగే అద్దెదారుతో వాళ్లు పడే బాధ నిజమైనది. వాళ్ల కోసమే మాదిరి చట్టం, గడువు దాటి ఉండిపోయిన అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తరువాత నాలుగు రెట్లు అద్దె కట్టాలంటోంది. అంత గట్టి ఆయుధం చట్టంలో ఉండగా ఫ్యూజు పీకి తామే దోషులు కావడం దేనికి? రాతపూర్వక ఒప్పందం రాసుకున్న యజమాని దాన్ని సులువుగా వాడుకోగలడు. నోటి మాట మీద ఇల్లిచ్చినవాడికే అది దూరం.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది పైడిభీమవరం చుట్టుపక్కల గదుల్లో ఉండే పరిశ్రమల కార్మికులు, చింతలవలస, ఎచ్చెర్ల దగ్గర గదులు తీసుకుని చదువుకునే పిల్లలు. పది గదుల వరసకు ఒకే మీటరు, ఒకే మోటారు. వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవారు. వారికి ఒప్పందమూ ఉండదు, రసీదూ ఉండదు, ఊళ్లో తరఫున మాట్లాడే పెద్దమనిషీ ఉండడు. ఒక గది మీద కోపం వస్తే మొత్తం వరస చీకట్లో ఉంటుంది. వీళ్లలో ఎవరైనా రెంట్ అథారిటీ ఎవరు, ఎక్కడ కూర్చుంటారు అని అడిగితే సమాధానం చెప్పగలిగినవారు ఆ చుట్టుపక్కల దొరకరు. సోమవారం కలెక్టరేట్లలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చే అర్జీల్లో భూమి, పింఛను, రేషను మాత్రమే కనిపించడానికి కారణం అద్దెదారులకు కష్టాలు లేకపోవడం కాదు. అందుకే రెండు జిల్లాల కలెక్టర్లకు నేను ఒక అర్జీ రాస్తున్నాను. అద్దె తగాదాలు వినే అధికారి హోదా, కార్యాలయం, దరఖాస్తు నమూనా, దానితో జతచేయవలసిన కాగితాల జాబితా ఒక బోర్డు మీద తెలుగులో రాయించి ప్రతి సచివాలయం ముందు, కార్పొరేషను కార్యాలయాల్లో, బస్టాండుల్లో, పారిశ్రామిక వాడల గేట్ల దగ్గర పెట్టించమని అందులో కోరుతున్నాను. దాని కింద సంతకం చేయాలనుకునేవారు, ముఖ్యంగా అద్దె ఇళ్లలో ఉన్నవారు, తమ పేరు, ఊరు నాకు రాసి పంపండి. వచ్చే సోమవారాల్లో ఒకనాడు విజయనగరంలోనూ, ఆ పై సోమవారం శ్రీకాకుళంలోనూ దాన్ని నేనే వెళ్లి ఇస్తాను.